జింజర్ ఎక్కిన స్టేషన్

బిలాస్‌పూర్ స్టేషన్ బయట మా టీ కొట్లో పొద్దున్నే అల్లం దంచుతుంటే, ఆ ఘాటుకు అప్పన్న బాబుగారు జ్ఞాపకమొస్తారు. ఆయనా మాలాగే ఇటు వలసొచ్చిన తెలుగువారే; రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా రిటైరై, రోజూ మా బెంచీ మీద కూర్చునేవారు. నేను ఎనిమిదిలోనే బడి మానేశాను. ఇంగ్లీషు మేష్టారు అడిగినదానికి జవాబు తెలియక నవ్వులపాలయ్యే కంటే, నేనే నవ్వించడం మేలనిపించింది. అప్పట్నుంచి తెలియనిది ఎదురైతే జోకు వేసి తప్పించుకునేవాణ్ణి.

ఒకరోజు ఆయన్ని ఆటపట్టిద్దామని, ఇంగ్లీషువాడు అల్లాన్ని జింజర్ అంటాడేం, అది వాడి అత్తగారి పేరా అని అడిగాను. ఆయన నవ్వలేదు. తప్పిపోయిన పార్సిల్‌ని వెతికినట్టే వెతకాలన్నారు; దొరికిన చోటు నుంచి వెనక్కి, ఒక్కో స్టేషనే. వారం పాటు లైబ్రరీకి వెళ్లి చీటీల మీద రాసుకొచ్చారు. ఇంగ్లీషుకు ముందు లాటిన్‌లో జింజిబెర్, దానికి ముందు గ్రీకులో జింగిబెరిస్, ఇంకా వెనక్కి ప్రాకృతంలో సింగివేర. ఆ చివరి 'వేర' మన 'వేరు'కు చుట్టమని, మాట దక్షిణాది భాషల్లో బయల్దేరి ఉండొచ్చని పండితులు అంటారట.

నేనిక ఆగుతానా? మర్నాడు ఆటోవాళ్లను పోగేసి, జింజర్‌ని ఇంగ్లీషువాడు మా తెలుగు నుంచే ఎత్తుకుపోయాడని చాటాను. బడి మానేసినవాడి మాట వాళ్లు నోరు తెరుచుకుని విన్నారు. ఒకడైతే ప్రొఫెసర్ సాబ్ అన్నాడు. వెనక బెంచీ మీద బాబుగారు గ్లాసు కింద పెట్టారు.

"ఏటిరా, అది తెలుగులో ఎక్కడం నువ్వు సూశావా?"

"వేరు మనదేనని మీరే సెప్పారు గదండీ."

"వేరు అరవంలోనూ ఉంది, మలయాళంలోనూ ఉంది. మన అల్లం ఆ దార్లోనే లేదు. లేబులు సిరిగిపోతే స్టేషను పేరు ఊహించి రాసేస్తావేటి? తెలీదని రాయడం కూడా డ్యూటీయేరా."

నా ప్రొఫెసర్ పదవి ఒక గ్లాసు టీ చల్లారేంతసేపు కూడా నిలవలేదు. క్లాసులో తెల్లమొహం వేసుకుని నిలబడ్డట్టే ఉంది. నాలుక చివరికి వచ్చిన జోకుని మింగేసి, ఆటోవాళ్లతో హిందీలో చెప్పాను: ఎక్కువ చెప్పేశాను, అసలు మొదలు ఎక్కడో నాకు తెలియదు.

ఎవరూ నవ్వలేదు. నన్ను ప్రొఫెసర్ అన్నవాడే, "అచ్ఛా, మరి చాయ్ ఎక్కడిది?" అన్నాడు.

ఆ మాట కోసం నెలంతా చైనా దాకా వెనక్కి నడిచాం, వాడితో సహా. బాబుగారు పోయి మూడేళ్లయింది. నేను ఇప్పటికీ జోకులు వేస్తాను. కాకపోతే, 'తెలియదు' అన్న తర్వాత వేస్తాను.