తాయిఫ్ దారిలో ఒక అమెరికన్ రాక్ పాట

ఇల్లు వదిలి హైవే పట్టినవాడు స్వేచ్ఛ పొందినట్టా, లేక నిలవడానికి చోటు లేక దానికే స్వేచ్ఛ అని పేరు పెట్టుకున్నట్టా? యూనివర్సిటీ హాస్టల్లో ఒక పాత అమెరికన్ రాక్ పాట విన్నప్పటి నుంచీ నాకిది తేలలేదు. రియాద్‌లో మా కింది వాటాలో ఉండే ప్రొద్దుటూరు మస్తాన్‌కి అలాంటి చిక్కే వచ్చింది. స్థానికులకే ఉద్యోగాలు దక్కాలనే నితాఖత్ పథకంలో మొబైల్ షాపు ఉద్యోగాలు సౌదీలకే అన్నాక అతను గోడౌన్‌కి మారాడు. బయటిదేశం వాళ్లు కుటుంబంలో తలకింత అని సర్కారుకు కట్టే లెవీ ఈ ఏడు మళ్లీ పెరిగింది. భార్య హసీనానీ ఇద్దరు పిల్లలనూ వీసా రద్దు చేసుకుని పోయే ఎగ్జిట్ మీద ఊరికి పంపి తానొక్కడే ఉండాలా, అందరూ వెళ్లిపోవాలా? ఆదివారం కంపెనీకి చెప్పాలి. ఈలోగా పిల్లలకు కొండలు చూపిద్దామని శుక్రవారం తాయిఫ్ బయల్దేరారు. కారులో చోటుంటే నేనూ ఎక్కాను.

ఫజర్ నమాజు కాగానే కదిలాం. ఎనిమిది వందల కిలోమీటర్ల లోపు తిన్నని దారి, అటూ ఇటూ ఇసుక, అక్కడక్కడా ఒంటెలు. పోయేటప్పుడు పెట్రోలుకు తొంభై రియాళ్లయింది. మధ్యాహ్నం జుమ్మా నమాజు వేళకు బంకు మూసేస్తే గంటసేపు నీడలో ఆగి, హసీనా చేసి తెచ్చిన ఉగ్గాని తిన్నాం. ఊసుపోక నా ఫోన్లో ఆ పాట పెట్టాను.

"ఏం పాడతాండాడక్కా, గొంతు చించుకోని?" అంది హసీనా.

యుద్ధంతో, పెద్దల కట్టుబాట్లతో, నెలజీతపు బతుకుతో విసిగిన అక్కడి కుర్రాళ్లకు ఒకప్పుడు దారే ఇల్లయిందనీ, ఇది వాళ్ల తిరుగుబాటు పాటనీ చెప్పాను.

"ఒగడే పోతాండాడా, పెండ్లాం పిల్లోల్ని ఎంటబెట్టుకోని పోతాండాడా?"

"ఒక్కడే."

"అట్ల జెప్పు. ఒగడైతే ఎవురైనా పాడతారు." మాట నాతోనే, చూపు మాత్రం మొగుడి మీద.

"పాటలో గూడా నాకేనా దెప్పు?" అని మస్తాన్ నవ్వబోయి ఆగిపోయాడు.

మూడింటికి తాయిఫ్ చేరి, అల్ హదా కొండ అంచున ఆగాం. పిల్లలు కోతులకు అరటిపళ్లు వేస్తున్నారు. మస్తాన్ కిందికి మెలికలు తిరిగిన రోడ్డు చూస్తూ, "నేనూ వచ్చేస్తా మే. నలుగురం పోదాం," అన్నాడు.

"వచ్చి ఏం జేస్తావు? ఈడ జీతమన్నా వస్తాది," అని కసిరింది హసీనా. ఆ వెంటనే, "మళ్లా మాట మార్సినావో, సంపుతా," అంది.

ఇన్నేళ్లూ నేను వెళ్లేవాడి వైపు నిలబడే ఆ పాట విన్నాను. హసీనా మొదట అడిగింది ఆ పాటలోవాడు వదిలేసినవాళ్ల గురించి. ఆ పాట పుట్టిన చోట దారి పట్టినవాడు మనసు మారితే వెనక్కి తిరగొచ్చు. ఇక్కడ ఎగ్జిట్ పడ్డాక, కొత్త వీసా దొరికితే తప్ప ఆ వీలు ఉండదు.

మీరూ శుక్రవారమే బయల్దేరితే, పదకొండు లోపు ట్యాంకు నింపుకోండి. ఇక మస్తాన్ ఉద్యోగం వదలడం ధైర్యమో తొందరపాటో, అందులో ఆ పాటకు నేను చెప్పిన అర్థానికి ఎంత పాలుందో, నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.