ఖురియాత్ దారిలో డౌను

మస్కట్‌లో ఉన్న రోజుల్లో శుక్రవారం అంటే నాకు భయంగా ఉండేది. అందరికీ అది సెలవు. పొద్దెక్కేదాకా పడుకుని, సాయంత్రం చర్చికో సముద్రపు ఒడ్డుకో పోయే రోజు. నాకు మాత్రం గురువారం దీపాలు పెట్టే వేళ నుంచే ఏ పనీ తోచేది కాదు. తెల్లారితే మా ఆయన సైకిలు భుజాన వేసుకుని మెట్లు దిగుతారు. ఆ సైకిలు మళ్ళీ మెట్లెక్కే చప్పుడు వినబడేదాకా నాకు అన్నం సయించేది కాదు.

ఎనభైల చివర్లో నేను ఒక ఆసుపత్రిలో నర్సుగా ఒంటరిగానే ఆ దేశం వెళ్ళాను. డ్యూటీ క్యాజువాల్టీలో. రెండేళ్ళకు ఫ్యామిలీ వీసా మీద ఆయన వచ్చారు. సిమెంటు ఇటుకలు చేసే ఓ కంపెనీలో స్టోర్స్ చూసే పని దొరికింది. దార్సైట్‌లో రెండు గదుల ఫ్లాట్ తీసుకున్నాం. మాకింకా పిల్లలు లేరు. ఇంటికి పోతున్న ఒక విదేశీ ఇంజనీరు తన రేసు సైకిలు చవగ్గా ఇస్తానంటే, నాతో ఒక్క మాట చెప్పకుండా కొనుక్కొచ్చి హాల్లో గోడకి ఆనించారు. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు.

"ఇదేం సైకిలండీ? దీని మీద కూర్చుంటే ముక్కు రోడ్డుకి తగిలేట్టుంది."

"కాలవ గట్టు మీద డొక్కు సైకిలే తొక్కినోణ్ణి, ఇదో లెక్కా?" అన్నారు.

మా ఊళ్ళ వైపు నేల బల్లపరుపుగా ఉంటుంది. వంతెన ఎక్కితే అదే ఎత్తు. మస్కట్ అలా కాదు. ఎటు తిరిగినా పచ్చదనం లేని నల్లటి కొండలు, వాటి సందుల్లోంచి సముద్రం. ఆయన మొదట మత్రా రేవు పక్కనుంచి రియాం మీదుగా పాత మస్కట్‌కి వెళ్ళొచ్చేవారు. తరవాత వాదీ కబీర్ నుంచి బుస్తాన్ వైపు ఘాటు ఎక్కారు. ఆ పైన ఖంతబ్ పల్లెకి దిగే దారి దొరికింది. ఆ దారి నేనొకసారి టాక్సీలో చూశాను. టాక్సీవాడే మలుపు మలుపుకీ బ్రేకు మీంచి కాలు తియ్యలేదు. ఇంటికొచ్చాక ఆయన కళ్ళు మెరిసిపోతూ "ఎక్కేటప్పుడు గుండె పేలిపోద్దనుకో. దిగేటప్పుడు మాత్రం ఎగురుతున్నట్టే ఉంటది" అనేవారు. ఎగురుతున్నట్టు అన్న మాట విన్నప్పుడల్లా నాకు మా క్యాజువాల్టీలో స్ట్రెచర్ మీద పడుకోబెట్టిన మనుషులు కళ్ళముందు ఆడేవారు. రోడ్డు మీద దెబ్బ తగిలినవాళ్ళ బట్టలు కత్తెరతో కత్తిరించే పని నాదే. ప్రతి చొక్కా ఆయనదేమో అనిపించేది.

వద్దంటే వినే మనిషి కాదు. అందుకని నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఆయన కొండెక్కుతుంటే వెనకాల కారులోనైనా ఉండొచ్చని. అక్కడ లైసెన్సు అంటే మాటలు కాదు. ముందు డ్రమ్ముల మధ్య వెనక్కి నడపాలి, తరవాత ఏటవాలు గట్టు మీద కారు ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించాలి. ఆ గట్టు మీద ఎన్నిసార్లు తప్పానో. కారు అంగుళం వెనక్కి జారితే చాలు, స్టీరింగు వదిలేసి కళ్ళు మూసుకునేదాన్ని. పక్కన కూర్చున్న పోలీసాయన ఒకసారి వచ్చీరాని హిందీలో "సిస్టర్, కళ్ళు తెరిచి భయపడు" అన్నాడు. చివరికి ఎలాగో పాసయ్యాను. ఓ పాత జపాను కారు కొన్నాం.

కువైట్ యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం. ఆయన ఖురియాత్ దాకా తొక్కుతానన్నారు. వాదీ అదై సందులోంచి బయటపడి, కొండల మీదుగా పోయి, అవతల మళ్ళీ సముద్రం దగ్గర తేలే దారి అది. ఆ వారంలోనే వాన పడింది. అక్కడ వాన పడితే కొండవాగులు రోడ్డు మీదకి వచ్చిపోతాయి. నీళ్ళు పోయినా వాటితో వచ్చిన కంకర, ఇసక మిగిలిపోతాయి.

పొద్దున్నే బయల్దేరాం. ముందు ఆయన, వెనక నేను. ఎక్కినంతసేపూ నాకు కొంచెం నయంగానే ఉంది. ఎక్కేటప్పుడు సైకిలు మనిషి నడకంత మెల్లగా పోతుంది. ఆయన వీపు తడిసి చొక్కా అంటుకుపోయింది. నేను మొదటి గేరులో, కారు జారుతుందేమోనని ప్రభువును తలుచుకుంటూ, ఆ వీపునే చూస్తూ నడిపాను. పైన కాస్త చదునుగా ఉన్నచోట ఆగి, ఒలిచిన నారింజ తొనలు పెట్టాను. సైకిలుతో పాటు వచ్చిన ఇంజనీరు హెల్మెట్ ఆయనకి వదులు, లోపల స్పాంజి ముక్కలు కుక్కి పట్టీ నేనే బిగించాను.

"కంకర ఉంది, చూసుకోండి. నాకు కనబడేట్టు పొండి."

"నువ్వు తొందరగా రా మరి. ముసలమ్మలా నడుపుతావు" అని నవ్వి, పెడలు మీద కాలేశారు.

రెండో మలుపుకే ఆయన కనబడకుండా పోయారు. నేను రెండో గేరులో, బ్రేకు తొక్కి పట్టి దిగుతున్నాను. ఓ పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. ఆ ఏమీలేనితనం వైపు చూడకుండా నడపడమే నాకు తెలిసిన డ్రైవింగు. మలుపు తిరిగినప్పుడల్లా ఇక్కడ కనబడతారు, ఇక్కడ కనబడతారు అనుకుంటూ దిగాను. చివరి మలుపు తిరిగేసరికి కింద రోడ్డు చాలా దూరం దాకా తిన్నగా, నల్లగా పరుచుకుని ఉంది. దాని మీద ఒక్క మనిషి లేడు.

ఎంత వేగంగా పోయినా అంత దూరం పోయి ఉండరు. అంటే ముందు లేరు. ముందు లేకపోతే వెనకే ఉండాలి. వెనక రోడ్డు మీద ఉంటే నాకు కనబడకుండా ఉండరు.

ఆ లెక్క బుర్రలో పూర్తయ్యేసరికి బ్రేకు తొక్కి కారు ఆపేశాను. కారు తిప్పాలి. ఆ రోడ్డు మీద తిప్పడమంటే ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. వెనక్కి వేసినప్పుడల్లా చక్రం అంచు దాటిపోతుందేమోనని ఒళ్ళంతా చెమట. పొద్దున్నుంచి తప్పించుకుంటూ వచ్చిన ఆ ఖాళీ వైపే ఇప్పుడు చూస్తూ పైకి నడపాలి. కిటికీ దించి, అంచు పక్కనే మెల్లగా వెళ్ళాను. రాళ్ళు, ముళ్ళచెట్లు, ఎక్కడో ఓ మేక.

మధ్యలో ఒక మలుపు దగ్గర రోడ్డు మీద కంకర పరుచుకుని ఉంది. దానిలో సన్నటి గీత, కాలవలా, అంచు దాకా పోయి ఆగింది. దిగేటప్పుడు అదే మలుపులో నేను కొండవైపు కళ్ళు పెట్టుకుని దాటిపోయాను.

కారు ఆపి దిగాను. "ఏవండీ!" అని అరిచాను. కొండలు ఆ మాటని తిప్పి నా మీదకే విసిరాయి. ఇంకోసారి అరిచాను. జవాబు లేదు. అప్పుడు ఆయన్ని పేరు పెట్టి పిలిచాను. పెళ్ళయ్యాక ఆ పేరు నా నోటి నుంచి రావడం అదే మొదలు. కింద ఎక్కడో రాయి దొర్లిన చప్పుడు, దాని వెనకే మూలుగు.

అంచు దగ్గర బోర్లా పడుకుని తొంగి చూశాను. ఓ మేడంత కింద, రాళ్ళు కుప్పపోసిన చిన్న అరుగులాంటి చోట, ముళ్ళచెట్టు మొదట్లో ఆయన పక్కకి తిరిగి పడి ఉన్నారు. ఆ అరుగు లేకపోతే దాని కింద మళ్ళీ వాగు దాకా పల్లమే. చెప్పులు విడిచేసి, వెనక్కి ఆనుకుని కూర్చుని, చేతులతో పట్టుకుంటూ జారుతూ దిగాను. మా ఫ్లాట్ బాల్కనీ నుంచి కిందికి చూస్తేనే కళ్ళు తిరిగే మనిషిని. ఎలా దిగానో ఇప్పటికీ తెలీదు. ఒక్కో రాయి నా కాలి కింద నుంచి జారి ఆయన వైపే దొర్లుతుంటే, నేనే ఈయన్ని చంపేస్తానేమో అనిపించింది.

దగ్గరికి పోయేసరికి చెవి మీదుగా రక్తం మెడలోకి కారుతోంది. నేనక్కడే కూలబడ్డాను. చెవిలోంచి రక్తం వస్తే ఏమనుకోవాలో నాకు నేర్పించి ఉన్నారు. కాసేపు ఆ రక్తం తుడవడానికి కూడా చెయ్యి రాలేదు. తుడిస్తే లోపల్నుంచి వస్తున్నదని తెలిసిపోతుంది. తుడవకపోతే ఇంకాసేపు తెలియకుండా ఉంటుంది. చివరికి చున్నీ కొనతో అద్దాను. చెవి వెనక తోలు చిరిగింది, అంతే. లోపల పొడిగా ఉంది. "దేవా, దేవా" అని అక్కడే ఏడ్చేశాను.

"సైకిలు..." అన్నారు ఆయన.

"నోరు ముయ్యండి. కదలకండి. కాలి వేళ్ళు ఆడించండి ముందు."

ఆడించారు. రెండు పాదాలూ. చేతి వేళ్ళూ కదిలాయి. కానీ ఎడమ భుజం కిందికి వేలాడుతోంది, ఊపిరి తీస్తే ముఖం నల్లబడిపోతోంది. పక్కటెముక విరిగి లోపల గుచ్చుకుందేమోనన్న భయం పట్టుకుంది. ఆసుపత్రిలో అయితే అరిస్తే నలుగురు వస్తారు. ఇక్కడ నేనే అరవాలి, నేనే రావాలి. రోడ్డు మీదకి పోతేగాని ఎవరూ ఆగరు. ఆయన్ని వదిలి పోతే తిరిగొచ్చేసరికి ఎలా ఉంటారో.

"పోవద్దే" అన్నారు. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. నా చెయ్యి పట్టుకున్న పట్టు చూస్తే ఆయన ఎంత భయపడుతున్నారో తెలిసింది. అది నన్ను ఇంకా భయపెట్టింది. ఇన్నాళ్ళూ ఇద్దరి భయమూ నేనొక్కదాన్నే పడుతున్నాననుకున్నాను, ఆయనకి లేదన్నదే నా ధైర్యం. వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుని పైకి పాకాను.

రోడ్డు మీద చాలాసేపు ఎవరూ రాలేదు. లేక నాకు చాలాసేపు అనిపించిందో. రెండు కార్లు హారను కొట్టుకుంటూ పోయాయి. తరవాత ఒక పాత పికప్ ఎత్తు ఎక్కుతూ వచ్చి ఆగింది. నడుపుతున్నది తెల్ల గడ్డం ఒమానీ ముసలాయన. వెనక ఖాళీ పండ్ల పెట్టెల మధ్య కూర్చున్న మనిషి నా ఏడుపు వినగానే కిందికి దూకాడు.

"ఏమైందక్కా? తెలుగోళ్ళా మీరు?"

ఖురియాత్‌లో ఆ ముసలాయన నిమ్మతోటలో పనిచేస్తాడట, కరీంనగర్ వైపు మనిషి. నేను చెయ్యి చూపించాను. తొంగి చూసి వెనక్కి తగ్గాడు. "అయ్యో, గంత కిందనా! పరేషాన్ గాకక్కా. మా అర్బాబ్ మంచోడు, నేను చెప్త ఆయనకు."

అర్బాబ్, అంటే యజమాని ముసలాయన, అప్పటికే బండి లాగే తాడు, పెట్టెల కింద పరిచిన మందపాటి ఈత చాప దించుతున్నాడు. నేను హిందీలో, వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, మెడ కదలకూడదని, నడుము వంగకూడదని చెప్పాను. ముగ్గురం దిగాం. చాప మీదకి ఆయన్ని జరిపి, తాడుతో కట్టి, ఆ ఇద్దరూ ముందు ఎక్కి పైకి లాగుతుంటే నేను కింద నుంచి ఆసరా పట్టాను. ఒకచోట చాప జారింది. ఆయన బరువంతా ఒక్కసారి నా భుజాల మీదకి వచ్చింది. నా వెనక పల్లం. కాళ్ళ కింద రాళ్ళు కదులుతున్నాయి.

"షువయ్, షువయ్" అన్నాడు ముసలాయన పైనుంచి. మెల్లగా, మెల్లగా అని. "భయపడకు, బింతీ. మేం పట్టుకునే ఉన్నాం." బింతీ అంటే బిడ్డా అని.

ఎలాగో రోడ్డు చేరాం. పికప్ వెనక ఆయన తల నా రెండు మోకాళ్ళ మధ్య పట్టుకుని కూర్చున్నాను. కరీంనగర్ మనిషి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. బండి వెనక్కి తిప్పి, మళ్ళీ అదే డౌను. ప్రతి మలుపులో ఆయన ఊపిరి ఆగినట్టయ్యేది, నేను వంగి ముక్కు దగ్గర చెంప పెట్టి చూసేదాన్ని. వెచ్చగా తగిలితే తల ఎత్తేదాన్ని. రోడ్డు చూడలేదు, కొండ చూడలేదు. ఖురియాత్ ఆసుపత్రి గేటు దగ్గర బండి ఆగాక కూడా నా మోకాళ్ళు విడిపోలేదు. అక్కడి నర్సు వచ్చి నా కాళ్ళు చేత్తో విడదీయాల్సి వచ్చింది.

కాలర్ బోన్, మూడు పక్కటెముకలు విరిగాయి. ఊపిరితిత్తికి దెబ్బ తగిలి కొద్దిగా గాలి చేరింది. ఆ సాయంత్రమే అంబులెన్సులో మస్కట్ తెచ్చారు. బతికారు. ఎడమ చెయ్యి ఈరోజుకీ చెవి పైకి లేవదు. నిమ్మతోట మనిషి వారం తరవాత మా కారు నడుపుకుంటూ తెచ్చి ఇచ్చాడు, డిక్కీలో వంకర తిరిగిన సైకిలుతో సహా. అన్నం తిని పొమ్మంటే, "మళ్ళ డ్యూటీ ఉందక్కా" అని టీ మాత్రం తాగి పోయాడు.

సైకిలు పారేస్తారనుకున్నాను. ఆయన రువీ బజారులో బాగుచేయించారు. నాకు మళ్ళీ గురువారం భయం మొదలైంది. కానీ ఈసారి వేరేగా జరిగింది. బుస్తాన్ ఘాటు మునపటిలాగే ఎక్కారు. పైన ఆగి, అవతల సముద్రం వైపు దిగే రోడ్డు చూస్తూ నిలబడ్డారు. పెడలు మీద కాలు పెట్టి తీశారు. మళ్ళీ పెట్టి తీశారు. నేను కారులోంచి చూస్తున్నాను. కాసేపటికి సైకిలు నడిపించుకుంటూ వచ్చి, నా ముఖం చూడకుండా, "డిక్కీ తియ్యి" అన్నారు.

ఆ తరవాత ఒమాన్‌లో ఉన్నన్నాళ్ళూ అలాగే సాగింది. ఎక్కడం ఆయన వంతు, దించడం నా వంతు. తల మీది కడ్డీ పట్టుకుని, సీట్లో బిగుసుకుపోయి, మలుపు రాకముందే "మెల్లిగా, మెల్లిగా పోనీవే" అనేవారు. నేను ఇరవైకి మించి నడపడం లేదని ఆయనకీ తెలుసు. బ్రేకు లేని వైపు తన కాలు కూడా నేలకి అదిమి తొక్కేవారు.

ఇప్పుడు మేం మా వైపు ఊళ్ళోనే ఉంటున్నాం. కొండలు లేవు. ఎప్పుడైనా అరకు వైపు బస్సులో వెళ్ళి ఘాట్ రోడ్డు దిగుతుంటే, ఆయన కుడి చెయ్యి వచ్చి నా చేతి మీద పడుతుంది. అరచెయ్యి చల్లగా, తడిగా ఉంటుంది. నా చెయ్యి కూడా అలాగే ఉంటుంది.