రువైస్‌లో విల్లో పొద

అబుదాబి ఎడారిలో, రువైస్ కంపెనీ క్వార్టర్లలో తోటపని చేసేవాణ్ణి. మేం ముదీర్ అని పిలిచే మేనేజరు భార్య తన చలిదేశం నుంచి నేలబారుగా పాకే విల్లో పొద తెచ్చి, ఇంటిముందు ఇసుకంతా కమ్ముకోవాలని నాటించింది. రెండుపూటలా నీళ్లు పట్టాను, ఎండకు గోనెపట్టా కప్పాను. నా నడుం పడిపోయింది గానీ అది జానెడైనా పాకలేదు. వేసవికి ఆకులన్నీ మాడిపోయాయి.

"ఖలాస్, పీకెయ్" అన్నాడు ముదీర్.

ఆమె వచ్చి, ఎండుకొమ్మను గోటితో గీకి పచ్చదనం కోసం వెతికింది. కనిపించక ఇసుకలోనే కూలబడింది.

"ఆమెను గూడ ఈ ఎండల దెచ్చి నాటిండ్రు గదన్నా, పాపం" అన్నాడు నాతో పనిచేసే మా ఊరతను.

నేను పైపు పట్టుకుని నిలబడ్డాను. చివరికి ఆమే లేచి, పొదను వేళ్లతో సహా లాగి నా చేతికిచ్చింది.

"రేపు నీళ్లు పట్టకు, కాసేపు పడుకో" అంది, వచ్చీరాని హిందీలో.