అమ్మకూడని పరుపులు

మా నాన్న కటవారియా సరాయ్‌లో పరుపులు అమ్ముతాడు. సివిల్స్ పరీక్షలకి చదువుకోవడానికి ఢిల్లీ వచ్చే మన కుర్రాళ్ళకి అద్దె గది దొరికిన గంటలో కావలసినవి మూడు: పరుపు, బకెట్, టేబుల్ ల్యాంపు. మూడూ మా దగ్గరే ఉంటాయి. నేను మాటలు నేర్చుకున్నది ఆ షాపులో, గల్లాపెట్టె పక్కన స్టూలు మీద కూర్చుని. నాకు మొదట వచ్చిన మాట "ఇంకొంచెం తగ్గించండి" అని మా అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. అది అబద్ధం. వినడానికి బాగుంటుంది కాబట్టి నేనూ ఖండించను.

బేరం నాకు తగ్గని జబ్బు. బళ్ళో క్యాంటీన్ భయ్యాతో చట్నీ గురించి, లైబ్రరీ మేడమ్‌తో ఆలస్యంగా ఇచ్చిన పుస్తకం గురించి బేరమాడేదాన్ని. ఒకరోజు పీటీ సార్ గ్రౌండు చుట్టూ ఐదు రౌండ్లు పరిగెత్తమన్నారు. నేను మూడన్నాను. ఆయన ఏడన్నారు. క్లాసు మొత్తానికీ ఏడు. ఆ సాయంత్రానికల్లా నా పేరు "చిల్లర్" అయిపోయింది. నేను వస్తుంటే బెంచీ మీద రూపాయి బిళ్ళలు విసిరేవాళ్ళు. ఏడుపొచ్చేది. ఏడుస్తూనే ఏరుకునేదాన్ని.

కరోనాకి ముందు పెద్ద సీజన్ వస్తుందని నాన్న సరుకు దండిగా దించాడు. సీజన్‌కి బదులు లాక్‌డౌన్ వచ్చింది. కోచింగులు ఫోన్లలోకి దూరాయి, కుర్రాళ్ళు ఊళ్ళకి వెళ్ళిపోయారు, పరుపులు మాత్రం షాపు పైగదిలో కప్పుదాకా నిలబడిపోయాయి. మా బళ్ళు తెరిచాక కూడా వాళ్ళు రాలేదు. నాన్న రోజూ మెట్లెక్కి ఆ పరుపుల్ని చూసి దిగి వచ్చేవాడు.

ఆ పరుపుల వెనక, కిటికీ గోడకీ దొంతరకీ మధ్య, ముగ్గురు కూర్చోగలిగినంత ఖాళీ ఉందని నేను కనిపెట్టాను. మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళాలి. లోపలికి చేరితే గల్లీలో హారన్లు, కూరగాయల బండి కేకలు, కింద అమ్మ నా కోసం పిలిచే పిలుపులు, ఏవీ వినపడవు. ఫోన్‌కి సిగ్నల్ కూడా అందదు. అంటే మా క్లాసు గ్రూపులో నా మొహంతో చేసిన స్టిక్కర్లు అక్కడికి రాలేవన్నమాట.

మొదట ఆ గది నా ఒక్కదానిదే. తర్వాత మా షాపులో ఒక అమ్మాయి డిపాజిట్ అయింది. వాళ్ళు హైదరాబాద్ నుంచి వచ్చి గురుగ్రామ్‌లో ఉంటున్నారు. వాళ్ళమ్మ ఆఫీసు మాకు దగ్గర్లో. మేనల్లుడికి బకెట్ కొనడానికి వచ్చి, మా అమ్మతో అరగంట తెలుగు మాట్లాడి, "బడి వదిలాక ఐదింటిదాకా మా పాపని ఇక్కడ కూర్చోబెట్టుకుంటారా?" అని అడిగింది. ఆ పాప నా క్లాసే. వద్దు అనడానికి హైదరాబాదీ హిందీలో "నక్కో" అన్నందుకు అందరూ ఆమెను "నక్కో" అనే పిలిచేవాళ్ళు. దాంతో ఆమె బళ్ళో నోరు తెరవడం మానేసింది. మా షాపులో కూడా రెండు వారాలు బకెట్ల పక్కన బకెట్‌లాగే కూర్చుంది.

జాలిపడి కాదు, అమ్మ వేసే ప్రశ్నల నుంచి తప్పిద్దామని ఒకరోజు ఆమెను పైకి తీసుకెళ్ళాను. పాకుతూ లోపలికి వచ్చి, చుట్టూ చూసి, "అబ్బ! మస్తుందే ఈడ" అంది. ఆ తర్వాత ఐదింటిదాకా ఆగలేదు. రెండు నెలల మాటలన్నీ నా మీద పడ్డాయి.

మూడోవాడు మా షాపు ఉన్న బిల్డింగ్ ఓనరు మనవడు. అతనూ మా క్లాసే. తాటిచెట్టంత ఎదిగాడు, గొంతు మాత్రం మారలేదు. హాజరు పిలిచినప్పుడు అతను పలికితే క్లాసంతా అక్కని పిలిచినట్టు "హా దీదీ" అనేది. ఒకరోజు మేమిద్దరం మెట్లెక్కడం చూసి వెనకే వచ్చాడు.

"మా తాత బిల్డింగ్. నన్ను రానివ్వాలి" అన్నాడు హిందీలో.

"బిల్డింగ్ మీది, పరుపులు మావి. నువ్వు గోడకి ఆనుకుని కూర్చో, పరుపుకి ఆనుకోకు."

"రోజూ కచోరీలు తెస్తా."

"చట్నీతోనా?"

"చట్నీతో."

"రా."

ఆ గదిలో మంత్రం ఉందని కనిపెట్టింది అతనే. ఒకరోజు మనసు బాగోలేక పరుపులో మొహం దూర్చి "దీదీ" అని గట్టిగా అరిచాడు. దూది ఆ మాటను మింగేసింది, పక్కనున్న మాకే వినపడలేదు. మర్నాడు ఆ పేరు పెట్టిన మొనగాడికి గొంతు పోయింది. నాలుగు రోజులు సైగలతో బతికాడు. జలుబని వాళ్ళమ్మ చీటీ రాసి పంపింది. అది జలుబు కాదని మాకు తెలుసు. ఇక రోజూ ఒకో పరుపు ఎంచుకుని, మాకు పెట్టిన పేర్లూ తిన్న తిట్లూ అన్నీ అందులోకి అరిచి, అరచేత్తో రెండు దెబ్బలు వేసి మూసేసేవాళ్ళం. రేపు కలెక్టర్లు అవబోయేవాళ్ళు వాటి మీద పడుకుంటారని తలుచుకుని ఊపిరాడకుండా నవ్వేవాళ్ళం.

ఇంత హాయిలోనూ నా బుద్ధి ఊరుకోలేదు. ఒక షరతు పెట్టాను.

"బళ్ళో మాత్రం మనం ఒకరికొకరం తెలియనట్టే ఉండాలి. విడివిడిగా ఉంటే చిల్లరగా ఏడిపిస్తారు. కలిసి కనబడితే హోల్‌సేల్‌గా ఏడిపిస్తారు."

అతను సరేనన్నాడు. ఆమె "నీ ఇష్టం" అంది. బేరమాడకుండా ఒప్పుకున్నవాళ్ళు లోపల ఏదో నొచ్చుకుని ఉంటారని షాపులో పెరిగిన నాకు తెలియాలి. అప్పుడు మాత్రం లాభం వచ్చిందనుకున్నాను.

ఆ తర్వాత కోచింగులు తెరిచారు. గల్లీల్లో ట్రాలీ బ్యాగుల చప్పుడు మళ్ళీ మొదలైంది. నాన్న గడ్డం గీసుకుని, షాపు ముందు నీళ్ళు చల్లించాడు. ఒకో పరుపు దిగుతుంటే మా గోడ ఒకో ఇటుక ఊడుతున్నట్టుండేది. పరుపులు పోతే గది పోతుంది. గది పోతే, నా షరతు ప్రకారం, మాకు కలుసుకునే చోటే ఉండదు.

అందుకని నాన్న భోజనానికి వెళ్ళే మధ్యాహ్నాలు కౌంటర్ మీద నేను కూర్చుంటానన్నాను. అమ్మ మురిసిపోయింది. మొదట వచ్చింది శ్రీకాకుళం అన్నయ్య ఒకాయన.

"పాపా, మంచి పరుపు ఉందేటి?"

"ఉంది గానీ తీసుకోకండి అన్నయ్యా. రెండేళ్ళు పైన పడి ఉన్న సరుకు. ఎండకి వేస్తేగానీ వాసన పోదు."

"మరి ఏటి చెయ్యమంటావు?"

"బేర్ సరాయ్ వెళ్ళండి. నడిచే దూరమే. అక్కడ కొత్తవి దొరుకుతాయి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నేను నీతిమంతురాలి మొహం పెట్టాను. "పొద్దున్నుంచి నాలుగు షాపులు తిరిగినాను. అందరూ తమదే బంగారం అన్నారు. నువ్వొక్కర్తివే నిజం చెప్పినావు. దించమ్మా, రెండు దించు. మా రూమ్మేట్‌కి కూడా."

ఆ అన్నయ్య అంతటితో ఊరుకోలేదు. తెలుగు కుర్రాళ్ళ గ్రూపులో మా షాపు సంగతి రాశాడట. మర్నాటి నుంచి జనం నన్ను వెతుక్కుంటూ వచ్చారు. "ఉన్న లోపం ఉన్నట్టు చెప్పే చెల్లి ఎవరు?" అని అడిగేవాళ్ళు. నేను లోపాలు పెంచాను. పరుపు మధ్యలో పల్లం పడుతుందన్నాను. నడుము నొప్పి ఖాయమన్నాను. దీని మీద పడుకున్నవాళ్ళకి నిద్ర ఎక్కువై చదువు సాగదని కూడా అన్నాను. ఒకాయన కళ్ళు మెరిశాయి: "నాకు నిద్రే పట్టట్లేదు చెల్లీ, అదే ఇవ్వు."

"దీని చేతిలో ఏదో ఉందే" అన్నాడు నాన్న అమ్మతో, పొంగిపోతూ. "ముందు వద్దని చెప్పి తర్వాత అమ్ముతోంది. ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు ఈ టెక్నిక్." రెండేళ్ళ తర్వాత ఆయన అలా నవ్వడం చూసి, ఇంకో లోపం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చివరి పరుపు ఒక శుక్రవారం మధ్యాహ్నం దిగింది. మేం ముగ్గురం పైకి వెళ్ళాం. అది మామూలు గది. కిటికీలోంచి ఎండ, గల్లీలోంచి కూరగాయల బండి "ఆలూ లేలో, ప్యాజ్ లేలో" కేకలు నేరుగా లోపలికి వస్తున్నాయి. నా ఫోన్ టింగుమని మోగింది. ఇన్నాళ్ళూ ఇక్కడికి రాలేని స్టిక్కర్లు ఒకదాని వెనక ఒకటి దిగాయి.

"ఇగ మనం ఏడ కలుస్తం?" అంది ఆమె. "స్కూల్ల తెల్వనట్టు ఉండాలంటివి."

"వారానికి రెండు రోజులు షాపు మెట్ల మీద..."

"నక్కో."

"సరే, మూడు రోజులు."

"దోస్తానాకి రోజులు లెక్క పెడతవా?" అని కిందికి దిగిపోయింది. ఐదింటికి వాళ్ళమ్మ కారు వచ్చేదాకా నా వైపు తిరగలేదు. మర్నాటి నుంచి ఎదురుగా ఉన్న స్టేషనరీ షాపు ఆంటీ దగ్గర కూర్చుంటానని వాళ్ళమ్మకి చెప్పింది. మా పోటీ షాపు కాకపోయినా నాకు అలాగే మండింది.

సోమవారం సైన్స్ ప్రాక్టికల్. మేడమ్ జోడీలుగా కూర్చోమన్నారు. ఎవరికీ అక్కర్లేని వాళ్ళం ఎప్పటిలాగే చివర మిగిలాం. ఆమె కిటికీ దగ్గర బల్ల ముందు ఒంటరిగా నిలబడింది. వెనక నుంచి ఎవరో "నక్కో, నక్కో" అని సన్నగా కూస్తున్నారు. లాభనష్టాలు వేసుకున్నాను. ఎటు చూసినా నష్టమే కనబడింది. లేచి, క్లాసు మధ్యలోంచి నడిచి ఆమె పక్కన నిలబడ్డాను. కూతలు ఆగిపోయాయి. అందరూ మా వైపే తిరిగారు.

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "ఎవరే నువ్వు? నాకు తెల్వదే."

"ఏయ్, ప్లీజ్" అన్నాను గొణుగుతూ.

"మెల్లగ కాదు. హిందీల అడుగు. మా హిందీల. అందరికి ఇనపడాలె."

"ఒక్కసారి చెవిలో అడిగితే?"

"చెవిల అడిగితే చెవిలనే 'పో' అంట."

గొంతు సవరించుకున్నాను. "మేరేకు తేరే బాజూ బైఠ్నా హై" అని అరిచాను, అంటే నీ పక్కన కూర్చోవాలని. యాస కుదరలేదు. క్లాసు విరగబడి నవ్వింది. అందరికన్నా గట్టిగా ఆమె నవ్వింది. నవ్వుతూనే స్టూలు నా వైపు జరిపింది.

అప్పుడు మూడో వరుసలోంచి తాటిచెట్టు లేచింది. "మేడమ్, నేను కూడా ఆ బల్ల దగ్గరే కూర్చోవచ్చా?" అన్నాడు, ఆ సన్నని గొంతుతోనే, ఏమాత్రం తగ్గించకుండా.

"జోడీ అంటే ఇద్దరు" అన్నారు మేడమ్.

మేం ముగ్గురం ఒకేసారి చేతులెత్తి బేరం మొదలుపెట్టాం.