ఆఖరి పడవవాడు ఆర్పాల్సిన దీపం

సిరొంచ దగ్గర ప్రాణహిత నడుమ ఒక లంక ఉంది. దాని కొసన తెల్లదొరల కాలంనాటి దీపపు బురుజు. టేకు తెప్పలకు దారి చూపడానికి కట్టారట. దొరలు పోయారు, తెప్పలు పోయాయి, వంతెన కూడా వచ్చింది. దీపం మాత్రం చేపల పడవల కోసం మిగిలింది. దాన్ని వెలిగించేది ముత్తక్క. రోజూ పొద్దుగూకే ముందు పడవేసుకుని వెళ్లి, నూనె పోసి, వెలిగించి ఒడ్డుకు వచ్చేస్తుంది. నోరు మాత్రం మంచిది కాదు. బురుజు మెట్ల మీద బీడీ కాల్చినవాణ్ణి తెడ్డు తీసుకుని తరిమింది. నేను ఆమె పక్కింటివాణ్ణే, ఆ నోటి రుచి నాకూ తెలుసు.

వెలిగించడమే ఆమె పని, ఆర్పడం కాదు. ఆఖరున వచ్చే పడవవాడే లంక దగ్గర ఆగి, పైకెక్కి ఆర్పాలి. దీపం ఆరిందంటే అందరూ వచ్చేసినట్టే. అప్పుడు గాని ఒడ్డున ఆడవాళ్లు నిశ్చింతగా అన్నాలు వడ్డించరు.

కిందటి శ్రావణంలో అందాలు దిద్దే సుశోభీకరణ అంటూ ఒక కాంట్రాక్టరు దిగాడు. బురుజుకు తెల్లరంగు పూయించాడు, రంగు బల్బులు తగిలించాడు, చారిత్రక కట్టడమని మా తెలుగువాళ్ల మధ్య మరాఠీలో బోర్డు పెట్టాడు. ఎవరి చరిత్రో వాడికేం పట్టింది! బోర్డు పెట్టిన రోజు సాయంత్రం ముత్తక్క దీపం పెట్టి వచ్చేసింది. ఆమె తమ్ముడు కిషన్ ఇంకా ఏట్లోనే ఉన్నాడు. మసికి కొత్త రంగు పాడవుతుందని కాంట్రాక్టరు మనిషి దీపం ఆర్పేసి, తలుపుకు తాళం వేశాడు. మసట! వాడి చేతులు పడిపోను.

దీపం ఆరడం ఒడ్డు నుంచి ఊరంతా చూసింది. ఏరు పొంగుతున్నా ఎవరూ వెతకడానికి కదల్లేదు. తమ్ముడు వచ్చేస్తున్నాడని ముత్తక్క కంచంలో అన్నం పెట్టి పులుసు పోసింది. అన్నం చల్లారిపోయింది. మర్నాడు బండల మధ్య పడవ దొరికింది. కిషన్ దొరకలేదు.

ఆ రోజే ముత్తక్క రాయితో తాళం పగలగొట్టి దీపం వెలిగించింది. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంది. ఊరివాళ్లం వంతులవారీగా నూనె పోస్తున్నాం. తెల్లగోడంతా మసి పట్టింది. చూస్తే నా కడుపు చల్లబడింది.

బల్బుల ఉద్ఘాటనకు, అదే ప్రారంభోత్సవానికి, పెద్ద సాహెబు వచ్చాడు. ఆ మసి చూసి మొహం ముడుచుకున్నాడు. కాంట్రాక్టరు పరుగున వచ్చాడు.

"గా దీపం ఆర్పెయ్ బాయీ, జర జల్దీ."

ముత్తక్క తలుపుకు అడ్డంగా కూర్చుంది.

"నేనెట్ల ఆర్పుత? ఆఖరి పడవోడు ఆర్పాలె. మా కిషన్ ఇంక రాలే. పోయి వాణ్ణి తోల్కరాండ్రి. వాడొచ్చి ఆర్పినంక మీ బల్బులు ఏసుకోండ్రి."