వల లాగే పాదాలు

నా చిన్నప్పుడు మా ఇల్లు రేవుకు అవతలి ఒడ్డున, బడి పోర్ట్ బ్లెయిర్‌లో. వేటకు వెళ్ళిన మా నాన్న ఆ రోజుల్లోనే సముద్రంలో కలిసిపోయాడు. శవం కూడా దొరకలేదు. అప్పటినుంచి నీళ్ళు కనబడితే చాలు, గట్టిగా కళ్ళు మూసుకునేదాన్ని. ఫెర్రీ ఎక్కనని మొండికేశాను. ఇలాగైతే చదువు మాన్పించేయడమే అన్నారు ఇంట్లో.

మా పెదనాన్న కుర్రతనంలో బాక్సింగ్ నేర్చినవాడు. నాన్న ఉన్నన్నాళ్ళూ అన్నదమ్ములిద్దరూ సాయంత్రాలు పెరట్లో ఎదురెదురుగా నిలబడి సాధన చేసేవారు. నాన్న పోయాక కూడా ఆయన అదే వేళకు అక్కడే నిలబడేవాడు. ఎదుట ఎవరూ ఉండరు. అయినా తల పక్కకు వంచేవాడు, మోచేతులతో పక్కటెముకలు కాచుకునేవాడు, ఒక్కోసారి ఎవరో దెబ్బ తగిలించినట్టు వెనక్కి తూలేవాడు. మా అమ్మ చూడలేక తలుపు వేసేసుకునేది.

ఒకరోజు వాన వెలిశాక, పొద్దు వాలుతుండగా పెదనాన్న నన్ను తన చోట నిలబెట్టాడు. నేను రెండు పాదాలూ సమంగా పెట్టి, ఛాతీ ఎదురిచ్చి నిలబడ్డాను. వల లాగేవాళ్ళ ఇంట్లో పుట్టాను కదా, నిలబడడమంటే నాకు తెలిసింది అదే.

"మీ నాన్న తప్పే నీదీను బేటీ. ఎన్నిసార్లు సెప్పినా ఆడూ ఇలాగే నిలబడీవోడు," అంటూ నా ఎడమ పాదం ముందుకు జరిపాడు. గడ్డం దించి, పిడికిళ్ళు చెంపల దగ్గరకు ఎత్తించాడు. "కళ్ళు మూస్తే దెబ్బ ఆగిపోద్దేటి? ఆంఖ్ ఖులీ రఖ్. కళ్ళు తెరిసి సూడు."

ఆయన నా వెనక్కి వచ్చాడు. ఎదురుగా తడిసిన నేల, అంతే. కొబ్బరాకు కూడా కదలడం లేదు. ఉన్నట్టుండి చల్లగా ఏదో నా ముఖం మీదికి వచ్చింది. నేను కళ్ళు మూయలేదు, తల తప్పించాను. చెవి పక్కనుంచి ఉప్పునీటి వాసన దూసుకుపోయింది.

కిందికి చూశాను. వాన కడిగిన మట్టిలో, నాకెదురుగా రెండు పాదముద్రలు. రెండూ సమంగా, పక్కపక్కన. పెదనాన్న వాటినే చూస్తూ, "ఇంకా నేర్సుకోలేదేట్రా!" అన్నాడు.

నిజానికి నేను జడుసుకోవాలి. కానీ నాన్న మీద బెంగ ఒక్కసారిగా పొంగుకొచ్చి, భయం ఎటు పోయిందో తెలియలేదు. మర్నాడు ఫెర్రీలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నీళ్ళకేసే చూస్తూ బడికి వెళ్ళాను.

ఇప్పుడు నాకే మనవలు. పెదనాన్నా లేడు. ఏ కష్టం మీదికొచ్చినా నా ఎడమ పాదం దానంతటదే ముందుకు జరుగుతుంది, గడ్డం దిగుతుంది. కళ్ళు మాత్రం మూయను. మూసిన ఆ క్షణంలోనే నాన్న వచ్చి వెళ్ళిపోతే?