అట్టముక్క మీద రాసిన తాత పేరు

మా చిన్నప్పుడు... శుక్రవారం వచ్చిందంటే సౌదీల అల్ ఖోబర్‌ల మా పక్కింటోళ్లందరు సముద్రం ఒడ్డుకు పోయేది. మేము మాత్రం ఖర్జూర తోటలుండే హుఫూఫ్‌కు. ఎందుకంటే మా తాత అక్కడ తప్పిపోయిండు.

మా బాపుకు ఆరేండ్లున్నప్పుడు తాత ఖర్జూర తోటల పనికని సౌదీ పోయిండట. రెండు ఉత్తరాలొచ్చినయి. ఒక ఫోటో వచ్చింది, తలకు అరబ్బోళ్ల గుత్రా గుడ్డ చుట్టుకొని ఖర్జూర చెట్టు కింద నిలబడ్డది, మొఖం సగం నీడలనే. ఆ తర్వాత... ఏం లేదు. బతికిండా, సచ్చిండా, ఎవలికి ఎరుక లేదు.

ఊళ్లె మా బాపమ్మ, అంటే బాపు వాళ్లమ్మ, రోజు పొద్దుగాల నొసట ఇంత బొట్టు పెట్టుకునేది. ఎవలన్న కదిలిస్తే "మనిషిని సూడకుండ బొట్టెట్ల తీస్తరు?" అని గయ్యిమనేది.

బాపు ఏసీ మెకానిక్ పనికి సౌదీ వచ్చిందే తాత కోసం. తర్వాత అమ్మను, నన్ను గూడ తెచ్చుకున్నడు. తోట తోటకు పోవుడు, ఫోటో సూపెట్టుడు, "నర్సయ్య అని మా బాపు... జగిత్యాల దిక్కు" అని అడుగుడు. హిందీల అడిగేది, వచ్చీరాని అరబ్బీల అడిగేది. "మాఫీ నర్సయ్య... అసోంటోడు లేడు పో" అనేటోళ్లు. నాకైతే మస్తు కోపమొచ్చేది. అందరు పిల్లలు ఇసుకల ఆడుకుంటుంటే నేను ఎండల ఈగలు తోలుకుంట కూసోవాలె!

నాకు తొమ్మిదేండ్లప్పుడు నితాఖత్ అని కొత్త కానూన్ వచ్చింది. కాయితాలు సక్కగ లేనోళ్లందరు బయటికొచ్చి ఎంబసీల ఔట్‌పాస్, అంటే దేశం దాటే కాయితం, తీసుకొని ఇండ్లకు పోవాలన్నరు. ఏండ్లకేండ్లు తోటల్ల దాక్కున్న మనోళ్లు ఎక్కడెక్కడినుంచో బయటపడ్డరు. మా బాపు మొఖం అప్పుడు సూడాలె... "బతికుంటే గిప్పుడు బయటికొస్తడు బిడ్డా. గిప్పుడు రాకుంటే ఇగ రాడు" అన్నడు.

నన్ను తోలుకొని రియాద్ బస్సెక్కిండు. నన్నెందుకంటే బాపుకు సరిగ్గ రాయరాదు, నాకు అమ్మ తెలుగు నేర్పింది. టీవీ డబ్బా అట్ట చింపి, దాని మీద ఇంతింత అక్షరాలు రాసిన... నర్సయ్య అని. కింద మా ఊరి పేరు.

ఎంబసీ ముందట లైన్ల వందల మంది. బాపు ఫోటో పట్టుకొని ఆ కొసకు పోయిండు. నేను అట్ట పట్టుకొని ఈ కొసకు నిలబడ్డ. ఒక ముసలాయన నా ముందట ఆగిండు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నడు.

"ఎవల బిడ్డవే?" అన్నడు.

"నర్సయ్య మనుమరాలిని" అన్న.

ఆయన అవతల టేబుల్ కాడ కాయితాలు సూస్తున్న ఆఫీసర్ల దిక్కు ఒకపారి సూసిండు. నా తల మీద చెయ్యి పెట్టిండు. "మంచిగ సదువుకో" అని మళ్ల లైన్ల కలిసిపోయిండు.

నాకది పెద్ద సంగతనిపియ్యలే. నర్సయ్య అయితే "నేనే" అంటడు గదా! బాపుకు చెప్పనే లేదు. ఇద్దరం జ్యూస్ తాగి తిరుగు బస్సెక్కినం.

కొన్నేండ్లకు పెండ్లాం పిల్లల మీద నెలనెల లెవీ అని పన్ను కట్టాలన్నరు. మెకానిక్ జీతంల అది ఏడికెళ్లి వస్తది? ఇగ మళ్ల రాకుండ ఫైనల్ ఎగ్జిట్ కొట్టిచ్చుకొని అందరం ఊరికొచ్చినం. వచ్చిన నాడే బాపు బాపమ్మ ముందట కూసొని, "అవ్వా, ఇగ నాతోని కాదు. నర్సయ్య అని అడగని తోట లేదు" అన్నడు.

బాపమ్మ ఎవలన్న ఇంటున్నరా అని వాకిలి దిక్కు సూసింది. అటెనుక మెల్లగ అడిగింది. "లచ్చయ్య అని అడిగినవారా?"

"లచ్చయ్య ఎవలే?"

"మీ బాపు పోయింది లచ్చయ్య పాస్‌పోర్టు మీద గదరా..."

ఏజెంటు ఎవలో లచ్చయ్య పాస్‌పోర్టు మీద తాత ఫోటో అతికిచ్చి పంపిండట. బయటపడితే జైల్ల ఏస్తరు, కన్నపిల్లలకు గూడ చెప్పొద్దు అని బాపమ్మతోని ఒట్టు ఏపిచ్చుకున్నడట. ముప్పై ఏండ్లకు పైన ఆ ఒట్టు కాపాడింది మా పిచ్చి బాపమ్మ. తోటల్ల ఆయన అందరికి లచ్చయ్యనే. కాయితంల లచ్చయ్య అని ఉన్నోడు, ఆఫీసర్ల ముందట "నేను నర్సయ్యను" అని ఎట్లంటడు?

అప్పుడు యాదికొచ్చిండు నాకా ముసలాయన. చెప్దామని బాపు దిక్కు సూసి... చెప్పకుండనే లేచి లోపటికి పోయిన.

ఆయన తాతనా? తాతను ఎరిగిన దోస్తా? తాతే అయితే ఔట్‌పాస్ లైన్ల నిలబడ్డోడు ఇంటికెందుకు రాలే? పేరు తప్పని పట్టుకున్నరా? ఇన్నేండ్లకు ఏ మొఖం పెట్టుకొని పోవాలె అనుకున్నడా? ఏమో... ఎవలను అడగాలె?

పోయినేడు బాపమ్మ పోయింది. ముత్తైదువ లెక్క సాగనంపాల్నా, బొట్టు తుడవాల్నా అని శవం ముందటనే చుట్టాలు లొల్లి పెట్టుకున్నరు. "బొట్టు ఉండనియ్యిండ్రి!" అని బాపు ఒర్లిండు. బొట్టుతోనే పోయింది.

ఒక్క మాట ముందుగాల చెప్తే ఏం పోయేదని ఇన్నేండ్లు బాపమ్మ మీద కోపంగ ఉండె నాకు. మరి నేనేం తక్కువ తిన్ననా? ఆ ముసలాయన సంగతి ఇయ్యాల్టిదాక బాపుకు చెప్పలే.

ఇప్పుడైతే మిషన్ మీద వేలు పెడితే మనిషెవరో తెలుస్తదట. పోయినోళ్లు దిగంగనే వీడియో కాల్ చేస్తున్నరు. అప్పటోళ్లు ఒకని పేరు మీద పోయి, ఆ పేరులనే కలిసిపోయిండ్రు...

మీ ఇండ్లల్ల గల్ఫ్ పోయిన పెద్దోళ్లుంటే, ఏ పేరు మీద పోయిండ్రో ఇయ్యాలనే అడుగుండ్రి. ఒట్లు గిట్లు పక్కన పెట్టమనుండ్రి. హుఫూఫ్ తోటల్ల పనిచేసిన లచ్చయ్యను ఎరిగినోళ్లుంటే కింద కామెంట్ల ఒక్క ముక్క రాయుండ్రి. ఉన్నడో లేడో తెలిస్తే చాలు.

బాపుకు చదువుడు గూడ అంతంతే. ఇది నేనే చదివి వినిపియ్యాలె. బయట అరుగు మీదనే కూసున్నడు... నాకే లేవబుద్ధయితలేదు.